ఆగిన కాలు

మొన్న హిందూపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనం చివర్లో చేయి కడుక్కుందామని లేస్తే, కొత్తగా కట్టిన మండపం కాబట్టి, తెల్లటి రాతి పలక మీద వరసగా పన్నెండు కొళాయిలు నిగనిగలాడుతున్నాయి. నా కుడిచేతి నిండా పప్పూ పెరుగూ. ఎడమచేత్తో కొళాయి తల పట్టుకున్నాను. చల్లగా, నున్నగా, ఉడికించి ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. తిప్పితే తిరగలేదు. ఎత్తితే లేవలేదు. నొక్కి చూశాను, కదల్లేదు. నా పక్కన ఒక అవ్వ కొళాయి కింద చేయి పెట్టి అటూ ఇటూ ఊపుతోంది. ఎక్కడో అలా ఊపితే నీళ్ళు రావడం చూసిందట. "ఏమ్మా, రాదే ఇది, నీకేమన్నా తెలుసునా?" అని నన్నే అడిగింది. మిషన్ల బొమ్మలు గీసి బతుకుతున్న నేను తెలియదన్నాను. చివరికి వడ్డించే ఆయన ఒకరు వచ్చి కొళాయిని మొత్తంగా పక్కకు నెడితే నీళ్ళు వచ్చాయి. బయటికి వచ్చాక కూడా ఆ నున్నటి చల్లదనం అరచేతిని వదల్లేదు. నంజుండప్ప మేస్త్రీ గుర్తొచ్చారు. ఆయనే ఉంటే పెళ్ళీ గిళ్ళీ మరిచిపోయి ఆ కొళాయిల పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళ చేతులు చూస్తూ సాయంత్రం దాకా గడిపేసేవారు.

ఆయన గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాయాలని కూర్చున్నప్పుడల్లా, ఆయన నాకు నేర్పింది ఇదీ అని ఒక ముక్క రాయబోతే, వెనకాలే అది తప్పేమో అని ఇంకో ముక్క వచ్చి నిలబడేది. ఇప్పుడూ ఆ చిక్కు విడిపోయిందని కాదు. చిక్కుతోనే రాస్తున్నాను.

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్సు, రైతులకు కావలసిన పెట్టెలు, పట్టు మిషన్లకు కావలసిన చిన్నాచితకా భాగాలు అక్కడ తయారయ్యేవి. మాది పెనుకొండ. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి తిరిగి, ఎక్కడా పిలుపు రాక, బొమ్మలు గీసే మనిషి కావాలని ఎవరో చెబితే ఆ షెడ్డుకు వెళ్ళాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. పొట్టి మనిషి. లెక్కలు కన్నడంలో వేసుకునేవారు, తిట్లు తెలుగులో తిట్టేవారు. ఎవరైనా ఒక కొత్త వస్తువును పట్టుకుని తంటాలు పడుతుంటే తన చేతులు వెనక్కి పెట్టుకుని, తువ్వాలుతో మణికట్ల దగ్గర చుట్టేసుకునేవారు. మొదట్లో అదేదో మొక్కు అనుకున్నాను. సాయం చేయడానికి చేతులు వాటంతటవే ముందుకు పోతాయట, పోకుండా కట్టుకునేవారట.

మొదటి రోజు నన్ను ఒక కొత్త గేటు ముందు నిలబెట్టారు. "గొళ్ళెం ఎట్లుందో చెప్పు పాపా" అన్నారు. బాగుందన్నాను. "నువ్వు సదువుకున్నావు, నీ మాట లెక్కలోకి రాదు" అని, రోడ్డు మీద పూలు అమ్ముకునే ఆమెను కేకేశారు. "లోపలికి రామ్మా, మల్లెపూలు కావల్ల" అని చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. ఆమె గంప చంకన పెట్టుకుని గొళ్ళేన్ని లాగింది, రాలేదు. కిందికి నొక్కింది, రాలేదు. మూడోసారి పైకి ఎత్తితే తెరుచుకుంది. పూలు ఇచ్చి వెళుతూ వెళుతూ, "గేటు శానా బాగుండాదప్పా" అంది. ఆమె వెళ్ళాక మేస్త్రీ నా వైపు తిరిగారు.

"ఏం చూసినావు?"

"బాగుందనింది మేస్త్రీ."

"నోరు బాగుందనె. చెయ్యి రెండుతూర్లు దారి తప్పె. మాట ఇనద్దు పాపా, చెయ్యి చూడు. మాటలో మర్యాద ఉంటాది. చేతికి మర్యాద తెల్దు."

అంత చక్కగా చేసిన గొళ్ళేన్ని ఆ మధ్యాహ్నమే కోసి పారేశారు. నాకు ఈ మనిషికి పిచ్చా అనిపించింది. కానీ ఆ మాట మాత్రం నాలో దిగిపోయింది. నోరు చెప్పేది వినకూడదు, చేయి చేసేది చూడాలి. ఇరవై రెండేళ్ళ వయసులో అలాంటి మాట దొరికితే ఎవరికైనా లోకమంతా అర్థమైపోయినట్టు ఉంటుంది. ఇంట్లో మా అమ్మ మాట్లాడుతుంటే కూడా నేను ఆమె చేతులు చూడడం మొదలుపెట్టాను. "నా మొగం తట్టు చూసి మాట్లాడు" అని ఆమె విసుక్కునేది.

ఇంకోసారి నేను గీసిన ఒక మూత తిప్పితే తెరుచుకోవాలి. ఎటు తిప్పాలో తెలియడానికి దాని మీద తెల్ల రంగుతో ఒక బాణం వేశాను. ఆయన గోరుతో ఆ బాణాన్ని గీరేశారు.

"దీన్ని ఎవురు సదవల్ల?"

"బాణమే గదా మేస్త్రీ, దానికి సదువెందుకు?"

"బాణం యాపక్క పోతాంటే చెయ్యి ఆపక్క పోవల్లని నీకు బళ్ళో చెప్పినారు. బడికి పోనోళ్ళకు అది ఒట్టి గీత. ఇంగ అక్షరాలంటావా, తెలుగులో రాస్తే మడకశిర తట్టు సగంమందికి రాదు, కన్నడంలో రాస్తే కదిరి తట్టు ఒక్కరికీ రాదు. రాసే పనే పడగూడదు."

ఆ మూత అంచున బొటనవేలు ఆనే చోట చిన్న గుంట చేయించారు. అంతే, అందరి చేతులూ సరిగ్గా అటే తిరిగాయి. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు. ఇంటికి వెళ్ళి మా నాయనకు గంటసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, అన్నం తినమన్నాడు.

అయితే ఆయన ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేవారా అంటే, లేదు. నల్లచెరువు దగ్గరి రైతు ఒకాయన శెనక్కాయ విత్తనం దాచుకోవడానికి ఇనుప పెట్టె చేయించుకున్నాడు. ఆర్నెల్లకు మూత సొట్టపోయిందని తిరిగొచ్చాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ దాని మీదే కూర్చుంటున్నారట. మేస్త్రీ నవ్వి, "సాపుగా, మోకాలెత్తున ఉంటే ఎవురైనా కూచుంటారు, తప్పు వాళ్ళది కాదు" అని మూతను ఇంటి కప్పులా వాలుగా చేసిచ్చారు. నెల తిరక్కుండా ఆ రైతు మళ్ళీ వచ్చాడు. "మా అమ్మ నాతో మాట్లాడ్డం లేదు మేస్త్రీ. ఆయమ్మ కూచునే తావు తీసేసినానంట." మేస్త్రీ మూతను మళ్ళీ సాపుగా, మందపాటి రేకుతో, తొడలకు గుచ్చుకోకుండా అంచు మడిచి చేశారు. నేను ఊరుకోలేక అడిగాను. మొదట కూర్చోవద్దని చెప్పే మూత చేశారు, ఇప్పుడు కూర్చోమనే మూత చేశారు, రెండిట్లో ఏది సరైనది అని. "రెండూ" అన్నారు. అదెలా అన్నాను. "మొదుట పెట్టెను చూసినా. తర్వాత ఆ ముసలామెను చూసినా" అని వెల్డింగు అద్దం ముఖానికి పెట్టుకున్నారు. దాంతో సంభాషణ అయిపోయింది. ఆయన దగ్గర నా సందేహాలు చాలావరకు ఆ వెల్డింగు అద్దం దగ్గరే ఆగిపోయేవి.

ఇక ధర్మవరం సంగతి. ఇదంతా రాస్తున్నది దీని కోసమే.

ధర్మవరంలో ఒక చీరల షావుకారుకు వార్పు షెడ్డు ఉండేది. వార్పు అంటే చీరకు కావలసిన నిలువు పోగుల్ని వరసగా పెద్ద డ్రమ్ము మీద చుట్టడం. డ్రమ్ము మోటారుతో తిరుగుతుంది. పోగు తెగితే వెంటనే ఆపి, తెగిన కొస వెతికి ముడెయ్యాలి. ఆపే స్విచ్చు గోడకు, నాలుగడుగుల దూరంలో ఉండేది. పనిచేసే ఆడవాళ్ళ రెండు చేతులూ పట్టు పోగుల మీదే ఉంటాయి. అందుకని కూర్చున్న చోటే ఆపుకునేలా ఏదైనా చేయమని షావుకారు అడిగాడు. మేస్త్రీ ఆ పని మొత్తం నాకు వదిలేశారు. "ఇది నీ పని పాపా. నేను చెయ్యి పెట్టను" అన్నారు. రెండున్నరేళ్ళలో మొదటిసారి ఆయన నోట ఆ మాట విన్నాను. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

చేతులు ఖాళీ లేవు కాబట్టి కాలితో ఆపాలి. పాదం జారకూడదు కాబట్టి వెడల్పుగా, గుండ్రంగా ఒక ఇనుప బిళ్ళ తయారు చేయించాను. పక్కకు జారిపోకుండా చుట్టూ కాస్త అంచు లేపాను. దుమ్మూ పట్టు పోచలూ చేరకుండా జానెడు ఎత్తు కాడ మీద నిలబెట్టాను. ఆపేది కాబట్టి ఎర్ర రంగు వేశాను, మంచి మెరిసే రంగు. ప్రతిదానికీ నా దగ్గర కారణం ఉంది. ఏ కారణమూ తప్పు కాదు. ఇప్పుడు మీకు చెబుతుంటేనే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే చదువుతున్న మీకు ఇప్పటికే కనబడి ఉంటుంది. అంచు ఉన్న గుండ్రటి బిళ్ళ, కింద కాడ, పైన కుంకుమ రంగు. నేను చేసింది పీట మీద పెట్టిన హారతి పళ్ళెం. నాకొక్కదానికే అది కనబడలేదు.

షావుకారు షెడ్డులో తాత్కాలికంగా తీగలు కలిపి, నేలకు బిగించే ముందు మేస్త్రీ పద్ధతి ప్రకారం ఒకరితో తొక్కించి చూడాలి కదా. ఓబులమ్మను పిలిచారు. ఆ షెడ్డులో అందరికన్నా చురుకైన మనిషి, నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. కళ్ళు మూసుకుని కూడా తెగిన పోగు ఎక్కడుందో వేళ్ళతో పట్టేస్తుందని అందరూ చెప్పేవారు. మేస్త్రీ చేతులు వెనక్కి పెట్టుకుని తువ్వాలు చుట్టుకున్నారు. నేనూ నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇద్దరం ఆమె కాలు చూస్తున్నాం. కాలి గోళ్ళకు గోరింటాకు, వేళ్ళకు మెట్టెలు, మడమ పగుళ్ళలో పసుపు. కాలు లేచింది, బిళ్ళ మీదికి వచ్చింది, నొక్కింది, డ్రమ్ము ఆగింది. మేస్త్రీ ఒక నిమిషం ఊరుకుని, "సరే, బిగిచ్చు పాపా" అన్నారు. బిగించేశాం.

ఆయుధపూజకు షావుకారు మమ్మల్ని పిలిచాడు. మేస్త్రీ రాలేదు, నేను వెళ్ళాను. డ్రమ్ముకు, మోటారుకు, స్విచ్చులకు అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. నా బిళ్ళ నిండా బంతిపూలు పోసి, మధ్యలో నిమ్మకాయ పెట్టి, పక్కన సాంబ్రాణి కడ్డీ వెలిగించారు. అన్నిటికన్నా అందంగా ఉన్నది అదే. నేను పొంగిపోయి ఫోనులో ఫోటో కూడా తీసుకున్నాను. ఫోటో తీయడానికి వంగిన నాకు, పూలు పోయడానికి అంత వీలుగా ఉన్న వస్తువు మీద రేపు కాలెలా పెడతారు అన్న ఆలోచన రవ్వంత కూడా రాలేదు.

రెండు వారాల తర్వాత షావుకారు నుంచి ఫోన్ వచ్చింది. ఓబులమ్మ ఎడమచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. మేస్త్రీ, నేను పరుగున వెళ్ళాం. అప్పటికే ఆమెను ఆస్పత్రిలో చేర్చారు, చివరి కణుపులు తీసేయాల్సి వచ్చింది. షెడ్డులో మిగతా ఆడవాళ్ళు చెప్పింది ఇది. పూజ అయిన మరుసటి రోజు నుంచి ఎవరూ బిళ్ళను తొక్కడం లేదు. దాని పనేమిటో తెలియక కాదు. తెలుసు, కాలు పెట్టలేకపోయారు. పోగు తెగినప్పుడల్లా వంగి, కుడిచేత్తో నొక్కి, ఆ చేతిని కళ్ళకు అద్దుకుంటున్నారు. ఆ రోజు ఓబులమ్మ అలా వంగినప్పుడు, ఎడమచేతిలోని పోగులు ఆమె వేళ్ళను డ్రమ్ముకూ దాని ముందుండే ఇనుప దువ్వెనకూ మధ్యకు లాక్కుపోయాయి. నేల మీద బిళ్ళ చుట్టూ పాదాల జాడలు నున్నగా పడి ఉన్నాయి. బిళ్ళ మీది పసుపులో మాత్రం వేళ్ళ గుర్తులే, పాదం జాడ ఒక్కటీ లేదు.

షావుకారు, "కాలితో నొక్కవలెను అని బోర్డు రాయిద్దాం మేస్త్రీ" అన్నాడు. పక్క గదిలో మగ్గాలు ఉన్నాయి. మేస్త్రీ నేరుగా అక్కడికి వెళ్ళి, మూలన పడి ఉన్న పాత కాలిపలక ఒకటి తెచ్చారు. మగ్గం కింద నేతగాళ్ళు తొక్కే పొడవాటి కట్టె అది, అరిగి అరిగి నడుమ గుంటపడి ఉంది. నా బిళ్ళ కోసేసి దాన్ని బిగించారు. అరగంట కూడా పట్టలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒకామెను కూర్చోమన్నారు. ఆమె కాలు దానంతటదే వెళ్ళి పలక మీద కూర్చుంది. మరుసటి ఏడు ఆయుధపూజకు ఆ పలకకూ బొట్టు పెట్టారని, పూజ కాగానే అదే పూట దాన్ని మామూలుగా తొక్కారని తర్వాత తెలిసింది. అంటే అడ్డుపడింది బొట్టు కూడా కాదు. మరి ఏది? గుండ్రమా, ఎరుపా, అంచా, ఎత్తా? ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. పది అడుగుల దూరంలో పక్క గదిలోనే ఉన్నదాన్ని నేను ఎందుకు వెళ్ళి చూడలేదో, దానికీ లేదు.

తిరుగు ప్రయాణంలో ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాం. చివరికి నేనే, "తప్పు నాది మేస్త్రీ" అన్నాను. కాదులే అంటారనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనాలనే ఆ మాట అన్నాను.

"నీదే" అన్నారు. కాసేపు కిటికీలోంచి చూసి, "నాది గూడా" అన్నారు. "ఆ దినం తొక్కేముందర ఆమె కాలు గాల్లో ఆగె. రెప్పపాటు. నేను చూసినా. నువ్వూ చూసినావు."

"నేను చూడ్లేదు మేస్త్రీ."

"చూసినావు పాపా. నీ మొగం నాకు కనపడతాండె. నీ పని గదా, నువ్వే చెప్తావులే అని నేను ఊరుకుంటి."

"మీరు సరే అన్నారు గదా. మీరు సరే అన్నాక నేనేం చెప్పల్ల?"

"అదే. నువ్వు నా తట్టు చూస్తివి, నేను నీ తట్టు చూస్తి."

ఇంకా ఏదో అడగాలనుకున్నాను. రైలు ఆగింది. "దిగు పాపా, మీ ఊరొచ్చె" అన్నారు. దిగాను. రైలు హిందూపురం వైపు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి కొండ వైపు చూస్తూ, చూశానా, చూడలేదా అని నన్ను నేనే అడగడం మొదలుపెట్టాను. ఆయన నా ముఖం చూస్తూ ఉంటే ఆమె కాలు ఎలా చూశారు? ఆమె కాలు చూస్తూ ఉంటే నా ముఖం ఎలా కనబడింది? పైగా, ఆయన చెప్పిన క్షణం నుంచీ నాకూ ఆ కాలు గాల్లో ఆగినట్టే గుర్తుకు రాసాగింది. అది నేను చూసిందో, ఆయన మాటతో నా బుర్రలోకి వచ్చిందో తేల్చుకోలేకపోయాను. చూసి ఊరుకున్నానంటే ఆ వేళ్ళు నా వల్ల పోయాయి. చూడలేదంటే నేను ఆయన దగ్గర నేర్చుకున్నది సున్నా. రెండిట్లో ఏది నిజమైతే బాగుండునో కూడా నాకు తెలియలేదు.

పది రోజులు పనికి వెళ్ళలేదు. పదకొండో రోజు వెళితే, నిన్న సాయంత్రమే చూసినట్టు, "ఆ కిటికీ కొలతలు తీసుకోని రాపో పాపా" అన్నారు. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు ఆయన. చివర్లో ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "మేస్త్రీ, ధర్మవరంలో ఆ దినం..." అని మొదలుపెట్టాను. ఆయన మంచం కింద ఉన్న తిప్పుడు కడ్డీ వైపు చూపించి, "దీన్ని యాపక్క తిప్పితే తల లేస్తాదో, యాపక్క తిప్పితే కాళ్ళు లేస్తాయో నర్సమ్మకే తికమక. రెండూ ఒగే మాదిరి చేసినాడు సూడు" అన్నారు. ఆయన చేతులు నీరసంగా దుప్పటి మీద పడి ఉన్నాయి, కట్టుకోవలసిన అవసరం కూడా లేనట్టు. ఇంకేమీ అడగలేకపోయాను. నెలలోపే ఆయన పోయారు.

ఓబులమ్మను అడిగితే తేలిపోయే విషయమే. కానీ ఆమెను అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. షావుకారు ఆమెకు చీరల అంగట్లో మడతలు పెట్టే పని ఇచ్చాడని విన్నాను. వార్పు పని మళ్ళీ చేయలేకపోయింది, పోగు తెగిందో లేదో ఆ చేయి ఇక చెప్పదు. ధర్మవరం వెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించుకుని తిరిగేదాన్ని. పోయిన ఏడాది మా చెల్లెలి కూతురి పెళ్ళికి చీరలు కొనాలని మా వాళ్ళు తీసుకువెళ్ళి సరిగ్గా ఆ అంగట్లోనే కూర్చోబెట్టారు. ఎదురుగా ఓబులమ్మ. నన్ను గుర్తుపట్టి, "బాగుండావామ్మా, శానా దినాలాయె" అంది. మా వాళ్ళు రంగుల గొడవలో పడ్డారు. ఆమె ఎనిమిది నిండు వేళ్ళతో, రెండు పొట్టి వేళ్ళతో చీర మడత పెడుతోంది. నేను ఆ చేతినే చూస్తున్నానని తెలిసి కూడా దాచుకోలేదు.

"ఓబులక్కా, ఒక మాట అడగల్ల" అన్నాను. "బిగించకముందు నీతో తొక్కిచ్చి చూసినాం గదా. ఆ దినం నీ కాలు ఆగెనా?"

"ఆగెనమ్మా. ఆగకుండా ఎట్లుంటాది."

ఆయన చెప్పింది నిజమే అన్నమాట. ఇన్నేళ్ళ తర్వాత ఒక సగం తేలింది. మిగతా సగం నాతోనే ఉంది అనుకుంటుండగా, ఆమె మడత మీద చేయి రాస్తూ మామూలుగా అంది.

"నేను చెప్తి గూడా గదా."

"ఏం చెప్తివి?"

"ఏందమ్మా ఇది, దీపం పెట్టే పళ్ళెం మాదిరి ఉండాది, దీన్ని తొక్కమంటారు, మగ్గం పలక మాదిరి చేసియ్యకూడదా అంటి. నవ్వతానే అంటి. మీరిద్దరూ నా కాళ్ళ తట్టే చూస్తాండిరి. ఒక్కురూ పలకలేదు. సరేలే, తెలిసినోళ్ళు చేసినారు గదా అని తొక్కితి."

తర్వాత ఏ చీరలు కొన్నామో నాకు తెలియదు. ఆమె మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపింది. ఆమె కోపంగా లేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఇప్పుడు పెనుకొండ దగ్గర నాకూ ఒక చిన్న షెడ్డు ఉంది. కొత్త వస్తువు చేసినప్పుడు ఇప్పటికీ దారిన పోయేవాళ్ళను పిలుస్తాను, చేతులు చూస్తాను. అది ఆయన ఇచ్చిందే, దాన్ని వదులుకోను. కానీ చూశాక, ఎలా ఉందని అడుగుతాను. మర్యాదకు ఏం చెప్పినా పూర్తిగా వింటాను. ఆయన ఉంటే దీనికి ఒప్పుకునేవారా? ఒక్కోసారి ఒప్పుకునేవారే కాదనిపిస్తుంది. ఒక్కోసారి ఆ అరగంట గుర్తొస్తుంది. పలక కోసం ఆయన రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు, నేరుగా పక్క గదిలోకి వెళ్ళారు. అంటే ఆమె మాట ఆయన విన్నారా? విని, చేతికి మర్యాద తెలియదు, మాటకు తెలుసు అని పక్కన పెట్టేశారా? లేక తనకు తానుగా తట్టిందా? అడగడానికి ఆయన లేరు. నేనైతే కళ్ళు మూసుకుని ఆ రోజుకు ఎన్నోసార్లు వెళ్ళి వచ్చాను. గోరింటాకు కనబడుతుంది, మెట్టెలు కనబడతాయి, మడమ పగుళ్ళలో పసుపు కనబడుతుంది. ఇప్పుడు కాలు ఆగడం కూడా స్పష్టంగా కనబడుతుంది. ఆమె మా ముందే కూర్చుని, నవ్వుతూ, మా ఇద్దరికీ వినబడేలా అంత పెద్ద మాట చెప్పింది. ఎంత వెతికినా ఆ గొంతు నాకు దొరకడం లేదు.